తూర్పు ముఖంగా రెండు వందల మీటర్లు

నాగావళి చక్రం, హాకీ బడి, కొలతల గది పుస్తకం
రాసేది: తవిటమ్మ

61వ ఏడాది, కార్తీకం 4

ఈ పుస్తకంలో గది వేడి, పరుగు చాప పరిస్థితి, గడియారం సరిచూసిన వేళ, పిల్లల అంకెలు తప్ప ఇంకేమీ రాయకూడదని కమిటీవారి కట్టడి. కొట్టివేతలు ఉండకూడదు. ఉంటే పక్కన సంతకం ఉండాలి, లేకపోతే చెల్లదు. పంతొమ్మిదేళ్ళుగా అలాగే రాస్తున్నాను, ఒక్క కొట్టివేత కూడా లేదు. ఇవాళ మాత్రం ఒళ్ళు మండి ఉంది కనక కాస్త ఎక్కువే రాస్తాను. చదవడం కష్టమైనవాళ్ళు పేజీ తిప్పుకోవచ్చు.

నూట నలభయ్యో మీటరు దగ్గర చాప మళ్ళీ లేచింది. ఈ నెలలో మూడోసారి అతికించాను. లేవక ఏం చేస్తుంది? పిల్లలంతా పరుగెత్తేది తూర్పుకే. మనం బతికేది ఆకాశంలో గిర్రున తిరిగే చక్రం లోపలి అంచు మీద, ఆ తిరగడం వల్లే మనకి బరువు. చక్రం తిరిగేవైపే మనమూ పరుగెత్తితే ఒళ్ళు బరువెక్కుతుందనీ, ఎదురు పరుగెత్తితే తేలికవుతుందనీ ఇక్కడ పుట్టిన పసిపిల్లకి కూడా తెలుసు. ఆ తిరిగేవైపుకి మా పెద్దలు తూర్పు అని పేరు పెట్టుకున్నారు. శుభమా అంటూ చేసే పని ఏదైనా తూర్పు ముఖంగానే మొదలుపెట్టాలి కదా, హాకీ బడి పరీక్షకి చాప కూడా అటే పరిచారు. బరువుతో రెండు వందల మీటర్లు గెలిచిన పిల్లకి మిగతా ఆట ఒక లెక్కా అన్నది వాళ్ళ ఉద్దేశం. నా ఉద్దేశమూ అదే.

పదిహేనేళ్ళవాళ్ళకి ముప్పై ఆరు సెకన్లు గడువు. ఇవాళ గంగాభవాని ముప్పై రెండు పాయింట్ ఒకటిలో వచ్చింది. ఈ గది పుట్టాక అంత బాగా ఎవరూ పరుగెత్తలేదు. ఆ పిల్ల తొడలు చూస్తే ముచ్చటేసింది, దిష్టి తగలకుండా మొహం తిప్పుకున్నాను.

చివరగా నూకరత్నం. ముప్పై ఏడు పాయింట్ నాలుగు. ఇది రెండో ప్రయత్నం. ఉన్నవి మూడే. మూడోది కూడా తప్పితే ఆ పిల్ల హాకీ కర్ర పక్కన పెట్టి పైపుల విభాగంలో చేరాలి. అక్కడ వంగి పాకే సొరంగాలే తప్ప నిలబడి పరుగెత్తే చోటు లేదు. "మేడమ్, ఇంకోసారి ఉంది కదా?" అని నవ్వుతూ అడిగి వెళ్ళిపోయింది. నాకెందుకు ఒళ్ళు మండిందంటే ఆ నవ్వుకే. నా ఎదుట ఏడ్చే పిల్లల్ని ఓదార్చగలను, నవ్వేవాళ్ళతో ఏం చెయ్యాలో తెలియదు.

పొద్దున్నే పాలబండి తోసి వస్తుంది, అందుకే కాళ్ళు అలిసిపోతున్నాయేమో. ఆ బండి నా కూతురు పోలమాంబదే. పోలి కూడా పన్నెండేళ్ళ కిందట ఇదే చాప మీద పరుగెత్తింది. ముప్పై ఆరు పాయింట్ రెండు. రెండు పాయింట్ల తేడాకి సొంత కూతురి పేరు పక్కన "పనికిరాదు" అని నా చేత్తో నేనే రాశాను. ఆ సంగతి ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని పేరంటాల్లో గొప్పగా చెప్పుకున్నానో లెక్కలేదు.

కార్తీకం 9

గది వేడి సరిగానే ఉంది. చాప సరిగానే ఉంది.

కోచ్ కొర్లయ్య కబురు పెడితే మైదానానికి వెళ్ళాను. ఎవరో పిల్లాడి మోకాలు వాచిందట. కొర్లయ్యా నేనూ ఒకప్పుడు ఒకే జట్టు. అతను ముందు వరసలో ఆడేవాడు, నేను గోలు కాసేదాన్ని. మైదానం రెండు చివరలూ పైకి లేచి ఉంటాయి, చక్రం నేల కదా. పడమటి గోలు కొయ్యలకి నిమ్మకాయలూ మిరపకాయలూ దండగా వేలాడుతున్నాయి. పోయిన వారం ఏడు, ఈ వారం పదకొండు.

"ఏటయ్యా ఇది, గోలా, కొట్టుగుమ్మమా?" అన్నాను.

"నీకేటి తెలుసు తవిటమ్మా! ఆ దిక్కు మనకి కలిసిరావట్లేదు. తూరుపుకి ఆడినప్పుడు పులుల్లాగ ఆడతారు. సగమాట అయ్యాక అటు మారితే సాలు, ఏటో పట్టినట్టు బంతి ఎగిరిపోద్ది, ఒకడి మీద ఒకడు పడతారు. వంశధార సెక్రమోళ్ళతో ఆట నెల్లాళ్ళే ఉంది."

మోకాలు వాచిన పిల్లాడు కూర్చుండిపోవడంతో ఆడించడానికి ఒకరు తక్కువయ్యారు. గట్టు మీద ఖాళీ పాలక్యాన్ మీద కూర్చుని చూస్తున్న నూకరత్నాన్ని కొర్లయ్య పిలిచాడు. అప్పుడు జరిగింది ఇక్కడ రాసి తీరాలి.

గంగాభవాని పడమరకి బంతి కొట్టింది. గట్టిగా కొట్టింది పాపం, అలవాటు. అటువైపు గట్టిగా కొడితే బంతికి బరువే ఉండదు, గచ్చు మీద ఇసకరేణువు తగిలినా నడుమెత్తు లేస్తుంది. లేచింది. నలుగురు దాని వెంట పరుగెత్తి, ఆగలేక, వలలో పడ్డారు. నూకరత్నం పరుగెత్తలేదు. ఆగి చూసి, బంతి ఎక్కడ దిగుతుందో అక్కడికి నాలుగు గంతుల్లో వెళ్ళి, కర్ర వంచి, నిద్రపోయే పిల్లని పక్క మీద వేసినట్టు బంతిని నేలకి దించింది. ఆ వెంటనే అక్కడే ఆగింది. మైదానం చివరి గీత మీద, బొటనవేలు కూడా దాటకుండా.

కొర్లయ్య ఈల నోట్లోంచి జారిపోయింది. "ఓలమ్మో! ఆ గుంట ఏటి సేసినాదో సూసినావా?"

చూశాను. నలభై ఏళ్ళుగా ఆట చూస్తున్నాను, అలాంటిది చూడలేదు. ఇంటికొచ్చి అన్నం తింటున్నా అదే కళ్ళ ముందు ఆడింది. అంత బాగుంది.

కార్తీకం 12

రెండు రోజులు పాత పుస్తకాలన్నీ తిరగేశాను. కొర్లయ్య దగ్గర ఆటల చిట్టాలు కూడా అడిగి తెచ్చుకున్నాను. నా అంకెలు తప్పని ఎవరైనా అంటే వాళ్ళ నోరు మూయించాలని మొదలుపెట్టిన పని ఇది, ఆ మాట దాచను.

ముందు నాకు నచ్చిన సంగతి. ముప్పై నాలుగు సెకన్లలోపు వచ్చిన పిల్లలు అరవైముగ్గురు. వాళ్ళలో మోకాలో మడమో పోయి ఆట మానుకున్నవాళ్ళు ఇద్దరే. గడువు అంచున బతికి బయటపడ్డవాళ్ళలో సగంమంది దెబ్బలతో మానుకున్నారు. కాబట్టి నా పరీక్ష ఊరికే పెట్టింది కాదు. ఎవరి ఒళ్ళు నిలబడుతుందో అది చెప్పింది, నిజం చెప్పింది.

ఇక నచ్చనిది. ఎవరు గోల్స్ కొడతారో అది చెప్పలేదు. అంకెలు బాగున్నవాళ్ళ పేర్లు ఒక పక్కా, గోల్స్ కొట్టినవాళ్ళ పేర్లు ఒక పక్కా రాసి గీతలు కలిపితే కోడి కెలికిన ముగ్గులా వచ్చింది. మళ్ళీ చేశాను, మళ్ళీ అంతే. అప్పుడు కొర్లయ్య నిమ్మకాయలు గుర్తొచ్చి, గోల్స్‌ని దిక్కులవారీగా విడదీశాను. పంతొమ్మిదేళ్ళలో మన జట్టు తూర్పుకి కొట్టినవి రెండు వందల పన్నెండు. పడమరకి నలభై ఒకటి.

ఆటలో సగం పడమరకే ఆడాలి. మేము ఏరుకున్న పిల్లలందరినీ తూర్పుకి పరుగెత్తించే ఏరుకున్నాం.  కొర్లయ్యకి ఇంకా చెప్పలేదు.

కార్తీకం 13

తేలిక కదా, పడమటి పరుగులో కష్టమేముంటుంది? ఈ మాట నేను పంతొమ్మిదేళ్ళు అన్నాను. గోలు కాసినదాన్ని, గోలుముందు నిలబడడమే తప్ప పొడుగునా పరుగెత్తిన పాపాన పోలేదు. అందుకని ఇవాళ పొద్దున పిల్లలెవరూ రాకముందే, యాభై నాలుగేళ్ళ వయసులో, చీర దోపుకుని, చాప మీద వెనక్కి తిరిగి నిలబడ్డాను. పడమటి ముఖం. ఎందుకో చెంపలేసుకున్నాను కూడా.

మొదటి యాభై మీటర్లు హాయిగా ఉంది. చిన్నపిల్లనైపోయాననుకున్నాను. వందకి వచ్చేసరికి పాదాలు నేలని పట్టడం మానేశాయి. ఆగుదామంటే దేని మీద ఆగాలి? అడుగు వేస్తే జారుతోంది, వేయకపోతే తేలుతోంది. ఒరినాయనో అని అరుస్తూ తలుపు దాటి సందులోకి వెళ్ళి పాలబండికి గుద్దుకున్నాను.

పోలి నన్ను లేపి బండి అంచు మీద కూర్చోబెట్టింది. నూకరత్నం నవ్వు ఆపుకోలేక క్యాన్ వెనక దాక్కుంది.

"ఏటమ్మా ఇది, ఈ వయసులో నీకు పడమటి పరుగేటి?" అంది పోలి మోచెయ్యి తుడుస్తూ.

"ఆగలేకపోయానే."

"ఆగడం రావాల గానీ పరిగెట్టడం ఎవులకి రాదు? ముందు నడుం దింపాల, తరవాతే పాదం. అడుగులు బుల్లి బుల్లిగా ఎయ్యాల. అదాటుగా ఆగుదామనుకుంటే ఎలిపోతావు."

ఎక్కడ నేర్చుకున్నావే అని అడిగాను. సందులో బళ్ళు పడమరకే పోవాలని నియమం, నాకు తెలియంది కాదు. నిండుబండి వేగం పుంజుకుంటే తేలికైపోతుంది, బ్రేకు వేసినా చక్రం పట్టదు. పక్కన పరుగెత్తే మనిషే ఆపాలి. పోలి మూడు నెలల్లో ఆరుసార్లు పాలు ఒలకబోసి, మోకాళ్ళు చెక్కుకుని, తనకు తానే నేర్చుకుంది. మూడేళ్ళ కిందట నూకరత్నం వస్తే ఆ పిల్లకీ నేర్పింది. బండి ఖాళీ అయ్యాక ఇద్దరూ కర్రలు తీసుకుని ఆ సందులోనే బంతాట ఆడుకుంటారట. నా గది గోడకి అవతలే. నాకు చప్పుడు వినిపించేది, పిల్లల అల్లరని తలుపు వేసుకునేదాన్ని.

"నానేటి సేసేను మేడమ్?" అంది నూకరత్నం, గొప్ప తనదేమీ కాదన్నట్టు. "బండి ఆగాల కదా. పాలు ఒలికితే పోలప్ప ఊరుకోదు."

పోలి నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేను ఎప్పుడూ అడగలేదు. పన్నెండేళ్ళు రోజూ ఈ గది గుమ్మంలో పాలు పెట్టి "అమ్మా, పాలు" అని వెళ్ళిపోయింది. 

మార్గశిరం 2

నూకరత్నం మూడో ప్రయత్నం. గది వేడి సరి, గడియారం రెండుసార్లు సరిచూశాను. చాప రాత్రే కొత్తది వేయించాను, ఆ పిల్లకి ఏ అడ్డూ ఉండకూడదని.

గడువు ముప్పై ఆరు. ఆ పిల్ల పళ్ళు బిగబట్టి పరుగెత్తింది. నూట అరవై దగ్గర తొడలు వణకడం కనిపించింది, అయినా తగ్గలేదు. గీత దాటి పడిపోయింది. ముప్పై ఆరు పాయింట్ మూడు.

ఇవాళ నవ్వలేదు. "పోనీలెండి మేడమ్" అని లేచి చెప్పులు వెతుక్కుంది. పైపుల విభాగంవాళ్ళు ఎల్లుండే రమ్మన్నారట.

మూడుని సున్నా చేయడం ఎంత పని? గదిలో గడియారం చూసింది నేనొక్కదాన్నే. చెయ్యి వెళ్ళింది కూడా. కానీ నా కూతురికి రెండు పాయింట్లు ఇవ్వని దాన్ని, ఈ పిల్లకి మూడు ఎలా ఇస్తాను? ముప్పై ఆరు పాయింట్ మూడు అనే రాశాను. పక్కన "పనికిరాదు" అని రాయాలి. పెన్ను కదల్లేదు. అది అబద్ధమని నాకు తెలుసు.

"చెప్పులు వెయ్యకు, ఉండు" అన్నాను. గంగాభవానిని, కొర్లయ్యని పిలిపించాను. ఇద్దరు పిల్లల్నీ పడమటి ముఖంగా నిలబెట్టాను. గీత మీద ఆగాలి, అదొక్కటే షరతు.

"ఓసి తవిటమ్మా, నీకు మతి పోనాదేటి?" కొర్లయ్య గోల పెట్టాడు. "శుభమా అని పిల్లల్ని పరీచ్చకి పడమటి మొకం పెడతావా?"

"నువ్వు కళ్ళు మూసుకో, నేను పరీక్ష పెడతాను."

గంగాభవాని ముప్పై మూడు పాయింట్ సున్నా. గీత దాటి తొమ్మిది మీటర్లు జారి, అడ్డంగా కట్టిన వలలో చిక్కుకుంది. నూకరత్నం ముప్పై మూడు పాయింట్ నాలుగు. గీత మీద ఆగింది. చూశారా, గడియారాన్ని అడిగితే ఇప్పుడు కూడా గంగాభవానే గెలిచిందంటుంది. కొత్తగా నేను కొలవాల్సింది ఆ తొమ్మిది మీటర్లు. దానికి నా పుస్తకంలో గడే లేదు.

వలలోంచి బయటపడి గంగాభవాని ఏం చేసిందో కూడా రాయాలి. రికార్డు పిల్ల, అలిగి పోవచ్చు. నేరుగా నూకరత్నం దగ్గరికెళ్ళి, "మళ్ళీ సూపించవే, నడుం ఎప్పుడు దింపినావు?" అని అడిగింది. నాకు ఆ వయసులో అంత బుద్ధి లేదు.

మార్గశిరం 3

కమిటీ కూర్చుంది. వాళ్ళ మాట మర్యాదగానే చెప్పారు. గడువు గడువే, పడమటి పరుగుకి నియమాల్లో చోటు లేదు. ఒక్కటే దారి ఉంది: పరీక్ష సరిగ్గా జరగలేదని పరీక్ష పెట్టినవాళ్ళు రాసిస్తే అది చెల్లదు. కానీ చాప కొత్తది, గడియారం సరైనది. "మరి తప్పు ఎక్కడుందని రాస్తావమ్మా?" అన్నారు.

"నాలో ఉందని రాస్తాను" అన్నాను.

అక్కడే కాగితం అడిగి రాసిచ్చాను. ఈ గదిలో పంతొమ్మిదేళ్ళుగా జరిగినది సగం పరీక్షేననీ, ఆటలో సగం పడమరకి ఉంటుందనీ, దాన్ని కొలవకుండా పిల్లల్ని తిప్పి పంపిన బాధ్యత నాదేననీ. రెండు వందల పన్నెండూ నలభై ఒకటీ అంకెలు కింద వేశాను. ఉద్యోగం పోతే పోతుంది. చివర సంతకం పెట్టాను.

కొర్లయ్య ఆ అంకెలు మూడుసార్లు చదివాడు. లేచి వెళ్ళిపోయాడు. నా మీద కోపమనుకున్నాను. బయటికొచ్చి చూస్తే మైదానం చివర గోలుకొయ్య ఎక్కి నిమ్మకాయల దండ తెంపుతున్నాడు.

కమిటీ తీర్పు: నూకరత్నం ప్రస్తుతానికి జట్టులో ఉండవచ్చు. వంశధారతో ఆట చూశాక బడి సంగతి. నా సంగతీ అప్పుడే.

మార్గశిరం 10

వంశధారతో ఆట మూడు మూడు. గెలవలేదు. రాసేటప్పుడు ఆ మాట ముందే రాసెయ్యాలి.

కానీ మన మూడింటిలో రెండు పడమరకి కొట్టినవి. పడమరకి గోలు చూసి నాలుగేళ్ళయింది. రెండోది నూకరత్నం కొట్టలేదు. బంతి దించి, ఆగి, వంశధార పిల్లలు ముగ్గురూ తనని దాటి జారిపోయేదాకా నిలబడి, తీరిగ్గా గంగాభవానికి నెట్టింది. గంగాభవాని నడుం దింపి కొట్టింది. వారం రోజుల్లో నేర్చుకుంది! పక్కనున్న పోలి నా భుజం పట్టుకుని గుంజేసింది, వేళ్ళ గుర్తులు తేలాయి.

ఆట అయ్యాక కమిటీ పెద్దాయన వచ్చి నూకరత్నం చేతిలో హాకీ బడి బట్టల మూట పెట్టారు. ఆ పిల్ల దాన్ని వాసన చూసి, పోలి చేతిలో పెట్టి, గట్టిగా ఏడ్చింది. ఏడ్చేవాళ్ళని ఓదార్చడం నాకు వచ్చనుకున్నాను. నేనూ ఏడుస్తున్నానని తరవాత తెలిసింది.

నన్ను తీసేయలేదు. చాపకి రెండు వైపులా గీత వేయమన్నారు, పుస్తకంలో ఇంకో గడి గీయమన్నారు.

మార్గశిరం 12

గది వేడి సరి. గీతలు వేశాను. పాత పుస్తకాల్లో తిప్పి పంపిన పిల్లలు రెండు వందల ఎనభైమంది. ఒక్కొక్కరికీ కబురు చేయాలి. కొందరికి పెళ్ళిళ్ళయి పిల్లలున్నారు, వస్తారో తిడతారో. మొదటి కబురు ఎక్కువ దూరం వెళ్ళలేదు. "అమ్మా, పాలు" అనగానే తలుపు తీసి, "లోపలికి రా, పరుగెత్తాలి" అన్నాను.

పోలి క్యాన్ పట్టుకుని అలాగే నిలబడింది. "నాకు ఇరవయ్యేడమ్మా. ఏ బడిలో సేర్సుకుంటారు?"

"బడి కోసం కాదు. పుస్తకం కోసం."

 పోలి క్యాన్ దించి, చెప్పులు విప్పి, పడమటి ముఖంగా నిలబడింది. నేను గడియారం నొక్కాను. నా కూతురు పరుగెత్తడం పన్నెండేళ్ళ తరవాత చూశాను. పాదం నేలని తాకుతోందో లేదో తెలియలేదు. గీతకి పది అడుగుల ముందు నడుం దించింది, బుల్లి బుల్లి అడుగులు వేసింది, గీత మీద ఆగింది. ముప్పై ఒకటి పాయింట్ ఎనిమిది.

నలభై తొమ్మిదో ఏడాది పుస్తకం తీసి ఆ పేజీ తెరిచాను. ముప్పై ఆరు పాయింట్ రెండు. దాని కింద కొత్త అంకె రాశాను. పోలి నా భుజం మీంచి చూస్తోంది.

"పాత అంకె కూడా నిజమే కదమ్మా" అంది.

"నిజమే. అందుకే ఉంచాను."

పక్కన నా చేతిరాతతో "పనికిరాదు" అని ఉంది, గుండ్రంగా, ముచ్చటగా. ఆ రోజు ఎంత శ్రద్ధగా రాశానో! దాని మీద అడ్డంగా గీత కొట్టాను. ఇన్నేళ్ళ పుస్తకాల్లో మొదటి కొట్టివేత. పుస్తకం మూయబోయాను.

పోలి పేజీ మీద చెయ్యి పెట్టింది.

"సంతకం ఎట్టమ్మా. లేకపోతే సెల్లదు."

పెట్టాను.